అమ్రాబాద్ చీకట్లో చుక్కల ఫొటోలు: 20 చిట్కాలు

హైదరాబాద్‌లో మేడ ఎక్కి చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చుక్కలు కనిపిస్తాయి. శ్రీశైలం రోడ్డు పట్టుకుని అచ్చంపేట దాటి, మన్ననూరు మీదుగా అమ్రాబాద్ చేరితే పాలపుంత కంటికే కనిపిస్తుంది. నల్లమల పీఠభూమి మీద ఉన్న ఈ ఊరి ఆకాశం ఫొటోలకు పెట్టింది పేరు కావాల్సినంత గొప్పది.

ఆకాశాన్ని ఫొటో తీయడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ చొరవతో మొదలైన నిజామియా వేధశాల, ప్రపంచ దేశాలు కలిసి చేపట్టిన ‘కార్ట్ దు సియెల్’ ఆకాశ పటం పనిలో పాలుపంచుకుంది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీని హైదరాబాద్‌లోనే గాజు పలకల మీద ఫొటోలు తీశారు. ఆ పట్టీ ధనుస్సు రాశి దగ్గర పాలపుంతను దాటుకుంటూ పోతుంది. ఇప్పుడు ఆ పని చేయడానికి వేధశాల అక్కర్లేదు. చీకటి, కదలని స్టాండు, ఒకే దృశ్యాన్ని పదుల సార్లు తీసే ఓపిక ఉంటే పాత కెమెరా సరిపోతుంది.

బయల్దేరే ముందు

1. గోడ మీద పంచాంగం చూసి రోజు ఎంచుకోండి. బహుళ దశమి నుంచి శుద్ధ తదియ దాకా ఉన్న రోజులు మంచివి. ఆ బహుళ తిథుల్లో చంద్రుడు అర్ధరాత్రి దాటాకే వస్తాడు, శుద్ధ పక్షం మొదట్లో పొద్దుగూకిన కాసేపటికే వెళ్లిపోతాడు. మహాశివరాత్రి బహుళ చతుర్దశి కాబట్టి ఆకాశం చీకటిగానే ఉంటుంది. అయితే ఆ రోజుల్లో శ్రీశైలం రోడ్డంతా భక్తుల వాహనాలతో, లైట్లతో, దుమ్ముతో నిండిపోతుంది. ఒక నెల ఆగి ఉగాది ముందరి అమావాస్యకు వెళ్తే పని తేలిక. సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి జరుగుతుంది, ఆ రాత్రుల్లో పాలపుంత వెన్నెలలో కలిసిపోతుంది.

2. ఏ నెలలో ఏది కనిపిస్తుందో ముందే రాసిపెట్టుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం శుభ్రంగా ఉంటుంది. అప్పుడు ఆండ్రోమెడా గెలాక్సీ, పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు, మృగశిర కింద ఉండే ఒరాయన్ నెబ్యులా తీయొచ్చు. పాలపుంత నడిబొడ్డు మార్చి ఆఖరున రాత్రి పన్నెండు ప్రాంతంలో ఉదయిస్తుంది. ఏప్రిల్ చివరికి పదికి, మే చివరికి ఎనిమిదికి వచ్చేస్తుంది. అక్టోబరు ఆఖరుకు తొమ్మిది లోపే పడమట దిగిపోతుంది. ధనుర్మాసంలో సూర్యుడే ధనుస్సులో ఉంటాడు కాబట్టి ఆ నెలంతా అది కనిపించదు. డిసెంబరు 13, 14 తేదీల్లో జెమినిడ్ ఉల్కలు రాలతాయి. స్టెల్లేరియం అనే ఉచిత యాప్‌లో తేదీ, ఊరు పెడితే ఏ గంటకు ఏది ఎక్కడ ఉంటుందో చూపిస్తుంది.

3. అడవిలోకి వెళ్లకండి, డాబా చాలు. అమ్రాబాద్ చుట్టూ ఉన్నది పులుల అభయారణ్యం. చిరుతలు, ఎలుగుబంట్లు ఎక్కువగా రాత్రిళ్లే తిరుగుతాయి. మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. కాబట్టి వెలుగుండగానే చేరుకుని, ఊళ్లో తెలిసినవాళ్ల డాబా మీదో, మన్ననూరులో అటవీశాఖ వసతి ఆవరణలోనో కెమెరా పెట్టుకోండి. ఏ ఇంటి మీదికి ఎక్కినా ఆ ఇంటివాళ్లను అడిగే ఎక్కండి. పెంటలు అని పిలిచే చెంచుల గూడేల వైపు రాత్రిపూట వెళ్లి వాళ్ల నిద్ర చెడగొట్టొద్దు. వేసవిలో ఎండుటాకులకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. చలిమంట, అగ్గిపుల్ల, బీడీ దగ్గరికే రానివ్వకండి.

4. డాబా ఎక్కగానే దక్షిణం వైపు తిరగండి. ఉత్తరాన దిగంతం దగ్గర హైదరాబాద్ దీపాల వెలుగు కొంత ఉంటుంది. దక్షిణాన నల్లమల అడవి ఉంది, పాలపుంత నడిబొడ్డు ఆ వైపే 45 డిగ్రీల దాకా లేస్తుంది. అమ్రాబాద్ అక్షాంశం సుమారు 16.4 డిగ్రీలు కావడం వల్ల ఐరోపాలో చాలా చోట్ల నుంచి కనిపించని దక్షిణాకాశ సంపద మనకు అందుతుంది. ఒమెగా సెంటారి నక్షత్ర గుచ్ఛం 26 డిగ్రీల ఎత్తుకు, అగస్త్య నక్షత్రం 21 డిగ్రీలకు, దక్షిణ శిలువ 13 డిగ్రీలకు వస్తాయి. దక్షిణ శిలువ మరీ కిందుగా, శ్రీశైలం దీపాల వైపే ఉంటుంది కాబట్టి అది నిట్టనిలువుగా నిలిచిన వేళకే తీయండి.

పరికరాలు

5. డబ్బు మొదట స్టాండు మీద పెట్టండి. ఫొటో పాడయ్యేది చాలాసార్లు లెన్సు వల్ల కాదు, స్టాండు వణకడం వల్ల. గాలికి ఊగని బరువైన ట్రైపాడ్ కొనండి. తేలికదే ఉంటే మధ్య కొక్కేనికి రాళ్లో ఇసుకో నింపిన సంచి, నేలకు తగిలీ తగలనట్టు వేలాడదీయండి. మధ్య కడ్డీని పైకి లేపకండి, కాళ్లను పూర్తిగా చాపకండి. రేకుల కప్పు మీద, నలుగురు నడిచే చోట స్టాండు పెట్టొద్దు.

6. ఫోనుతో మొదలుపెట్టడానికి మొహమాటపడకండి. ప్రో మోడ్ ఉన్న ఫోనును స్టాండుకు బిగించి, 15 నుంచి 30 సెకన్ల ఎక్స్‌పోజర్, ఐఎస్ఓ 1600 పెట్టి, ఫోకస్‌ను అనంతానికి జరిపితే పాలపుంత పడుతుంది. తెరను వేలితో తాకితే ఫోను కదులుతుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, లేదా వైరు ఇయర్‌ఫోన్ గుచ్చి దాని వాల్యూమ్ మీటతో తీయండి, చాలా ఫోన్లలో అది షట్టర్‌గా పనిచేస్తుంది. రా ఫైల్ దాచే వీలుంటే తప్పక అదే ఎంచుకోండి.

7. కెమెరా పాతదైనా లెన్సు వెలుతురు పట్టేది కావాలి. పదేళ్ల కిందటి డీఎస్ఎల్ఆర్, దానికి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు కలిస్తే కృత్తికలు, ఒరాయన్, ధనుస్సు ప్రాంతం అన్నీ చేతికి అందుతాయి. స్టాండు మీద ఎంతసేపు తెరిచి ఉంచొచ్చో తేల్చడానికి ఒక లెక్క ఉంది: 500ను లెన్సు ఎంఎంతో, సెన్సర్ క్రాప్ అంకెతో భాగించాలి. 1.5 క్రాప్ కెమెరాకు 18 ఎంఎం దగ్గర 18 సెకన్లు, 50 ఎంఎం దగ్గర 6 సెకన్లు వస్తాయి. అంతకు మించితే చుక్కలు గీతలవుతాయి. ఎక్కువ మెగాపిక్సెళ్ల కెమెరాకు 500 బదులు 300 వేసుకోండి.

8. ట్రాకర్‌ను వడ్రంగితో చేయించుకోవచ్చు. భూమి తిరగడం వల్ల చుక్కలు గంటకు 15 డిగ్రీలు జరుగుతాయి. ఆ జరుగుదలను కెమెరాతో అనుసరించడమే ట్రాకర్ పని. అడుగు పొడవున్న రెండు పలకలను ఒక చివర మడతబందుతో కలపండి. బందు మధ్య పిన్ను నుంచి 228.6 మిల్లీమీటర్ల దూరంలో కింది పలకకు ఎం6 నట్టు బిగించి, అందులోంచి మరలు ఉన్న ఎం6 కడ్డీని పైకి ఎక్కించండి. ఆ మరల మధ్య దూరం 1 మిల్లీమీటరు కాబట్టి నిమిషానికి ఒక చుట్టు తిప్పితే పై పలక సరిగ్గా ఆకాశం వేగంతో లేస్తుంది. పావు చుట్టును 15 సెకన్లకొకసారి తిప్పండి. బందు పడమటి వైపు, కడ్డీ తూర్పు వైపు ఉండాలి. బందు గీత ధ్రువ నక్షత్రాన్ని చూపాలి. అమ్రాబాద్‌లో ధ్రువుడు ఉత్తరాన 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, చెయ్యి చాపి చూస్తే పిడికిలిన్నర అంతే. ఉత్తరాన చెట్టో గోడో అడ్డు లేని మూల చూసుకోండి. ఇది కుదిరితే 50 ఎంఎం లెన్సుతో ఒకటి, రెండు నిమిషాల ఎక్స్‌పోజర్లు తీయొచ్చు. డబ్బు పెట్టగలిగితే స్కై వాచర్ స్టార్ అడ్వెంచరర్ లాంటి మోటారు ట్రాకర్లు ఉన్నాయి.

9. టెలిస్కోపును చివర కొనండి. చంద్రుణ్ని, శని వలయాలను కంటితో చూడటానికి డాబ్సోనియన్ మంచిది. నెబ్యులాల ఫొటోలకు మాత్రం 60, 70 ఎంఎం చిన్న రిఫ్రాక్టర్, దాన్ని మోస్తూ చుక్కల వెంట తిప్పే ఈక్వటోరియల్ మౌంట్ కావాలి. మౌంట్ మోయగలదని కంపెనీ చెప్పిన బరువులో సగమే ఎక్కించండి. సీస్టార్ ఎస్50 లాంటి స్మార్ట్ టెలిస్కోపులు వస్తువును తామే వెతికి, ఫొటోలు తీసి, తామే కలుపుతాయి. పిల్లలున్న ఇంటికి, బడికి అవి బాగా పనికొస్తాయి. మామూలు కెమెరాలోని ఫిల్టర్ నెబ్యులాల్లో హైడ్రోజన్ వెదజల్లే 656 నానోమీటర్ల ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. హార్స్‌హెడ్ నెబ్యులా లాంటివి మసకగా వస్తే తప్పు మీది కాదు.

ఆరుబయట

10. ఫోకస్‌కు పావుగంట కేటాయించండి. ఆటో ఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో సిరియస్ లాంటి ప్రకాశవంతమైన చుక్కను పది రెట్లు పెద్దదిగా చూస్తూ రింగు తిప్పండి. చుక్క అతి చిన్నగా కనిపించిన చోట ఆపి, రింగు కదలకుండా టేపు అంటించండి. లెన్సు మీద రాసి ఉండే అనంతం గుర్తును నమ్మకండి. టెలిస్కోపుకైతే ముందు పెట్టే చీలికల మూతను, అంటే బాటినోవ్ మాస్కును, పెళ్లిపత్రిక అట్టతో కత్తిరించుకోవచ్చు. దాని వల్ల చుక్క చుట్టూ కనిపించే మూడు వెలుగు గీతల్లో నడిమిది మిగతా రెంటికి సరిగ్గా మధ్యకు వస్తే ఫోకస్ కుదిరినట్టే. అర్ధరాత్రి దాటాక చల్లబడి ఫోకస్ జరుగుతుంది, మళ్లీ ఒకసారి చూడండి.

11. సెట్టింగులు ఒకసారి పెట్టి, ఇక మార్చకండి. రా ఫైల్, మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ 1600 లేదా 3200, వైట్ బ్యాలెన్స్ డేలైట్. లెన్సును పూర్తిగా తెరవకుండా కాస్త తగ్గించి, ఎఫ్ 1.8 ఉంటే ఎఫ్ 2.8 దగ్గర పెడితే అంచుల్లో చుక్కలు రెక్కలు విప్పవు. స్టాండు మీద ఉన్నప్పుడు లెన్సు స్టెబిలైజేషన్ ఆపండి. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపండి, లేదంటే సగం రాత్రి దానికే పోతుంది. హిస్టోగ్రామ్ కొండ ఎడమ అంచు నుంచి పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య దూరంలో ఉండాలి. ఎడమ గోడకు ఆనితే ఎక్స్‌పోజర్ చాలలేదని అర్థం.

12. మంచును ముందే ఆపండి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో లెన్సు అద్దం మీద తేమ పట్టి ఫొటోలన్నీ పొగమంచులో తీసినట్టు వస్తాయి. పవర్‌బ్యాంకుతో పనిచేసే డ్యూ హీటర్ పట్టీని లెన్సుకు చుట్టండి. లెన్సు హుడ్ తీయకండి. హుడ్ లేకపోతే నల్ల చార్ట్ పేపరును గొట్టంలా చుట్టి పెట్టండి. పట్టిన తేమను గుడ్డతో తుడవకండి, దుమ్ము రాసుకుని గీతలు పడతాయి. దోమల చుట్ట వెలిగిస్తే ఆ పొగ లెన్సు ముందుకు రాకుండా దూరంగా పెట్టండి.

13. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి అరగంట పడుతుంది, తెల్ల టార్చి ఒక్కసారి కళ్లలో పడితే ఆ అరగంటా వృథా. పతంగుల దుకాణంలో దొరికే ఎర్ర కాగితం రెండు పొరలు వేసి రబ్బరు బ్యాండు పెడితే సరిపోతుంది. ఫోను తెరను కూడా ఎర్రగా, మసకగా మార్చుకోండి. పక్కింటివాళ్ల వాకిలి దీపం అడ్డుగా ఉంటే వెళ్లి మర్యాదగా అడగండి. కాసేపు కెమెరా తెర మీద పాలపుంత చూపిస్తే చాలామంది సంతోషంగా ఆర్పేస్తారు.

14. ఒక్క మంచి ఫొటో కోసం కాదు, వంద మామూలు ఫొటోల కోసం తీయండి. ఒక్కో ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే నాయిస్ ప్రతిసారీ వేరుగా పడుతుంది, నెబ్యులా మాత్రం ప్రతిసారీ ఒకేచోట పడుతుంది. అన్నిటినీ సగటు తీస్తే నాయిస్ కరిగిపోయి నెబ్యులా మిగులుతుంది. ఈ మేలు ఫొటోల సంఖ్యకు వర్గమూలం చొప్పున పెరుగుతుంది: 16 ఫొటోలకు 4 రెట్లు, 100కు 10 రెట్లు. దాన్ని ఇంకో రెండింతలు చేయాలంటే నాలుగింతల ఫొటోలు కావాలి. కాబట్టి ఒకే రాత్రి నాలుగు వస్తువుల వెంట పడకుండా ఒక్కదాని మీదే ఉండండి.

15. మూత పెట్టి కొన్ని, తెల్లగుడ్డ కట్టి కొన్ని తీయండి. సెన్సర్ వేడికి పుట్టే మచ్చలను తీసేయడానికి లెన్సు మూత పెట్టి, అదే ఐఎస్ఓ, అంతే ఎక్స్‌పోజర్‌తో 20 ఫొటోలు తీయాలి. వీటిని డార్క్‌లు అంటారు. రాత్రి ఎంత చల్లగా ఉందో అంతే చల్లగా ఉన్నప్పుడే, అంటే అక్కడే తీయండి, ఇంటికొచ్చి తీస్తే లెక్క కుదరదు. అంచుల్లో నలుపును, సెన్సర్ మీది దుమ్మును తీసేయడానికి ఫ్లాట్‌లు కావాలి. తెల్లవారాక ఉతికిన తెల్ల బనీను గుడ్డను లెన్సు మీద ముడతల్లేకుండా లాగి కట్టి, ఫోకస్ కదపకుండా ఆకాశం వైపు 20 తీయండి.

ఇంటికొచ్చాక

16. కలపడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. డీప్‌స్కైస్టాకర్, సిరిల్ రెండూ ఉచితం. చుక్కలను గుర్తుపట్టి ఫొటోలను ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, డార్క్‌లను, ఫ్లాట్‌లను వర్తింపజేసి సగటు తీస్తాయి. ముందు కెమెరా కదిలినవి, మబ్బు వచ్చినవి చూసి పక్కన పెట్టండి. విమానాలు, ఉపగ్రహాలు గీసిన గీతలకు భయపడొద్దు, సిగ్మా క్లిప్పింగ్ పద్ధతి ఎంచుకుంటే అవి వాటంతట అవే పోతాయి. ముందు భాగంలో గుట్ట, చెట్టు ఉన్న పాలపుంత ఫొటోలకు సీక్వేటర్ వాడండి, అది నేలను కదలకుండా ఉంచి ఆకాశాన్ని మాత్రమే పేరుస్తుంది. 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ చాలు, హార్డ్ డిస్కులో ఖాళీ మాత్రం బాగా ఉండాలి.

17. శుభ్రం చేసే వరుస తప్పకండి. కలిపిన ఫొటో తెరిస్తే దాదాపు నల్లగా కనిపిస్తుంది. అందులో అంతా ఉంది, కంగారు పడొద్దు. మొదట చిరిగిన అంచులు కత్తిరించండి. తర్వాత దిగంతం నుంచి పాకిన దీపాల వెలుగును గ్రాక్స్‌పర్ట్‌తో తీసేయండి, ఇది కూడా ఉచితమే. ఆ తర్వాత సిరిల్‌లో చుక్కల పట్టికలతో పోల్చి రంగులు సరిచేయండి. ఇవన్నీ అయ్యాకే హిస్టోగ్రామ్‌ను సాగదీసి మసక భాగాలను పైకి తేవాలి. ఒకేసారి లాగకుండా కొంచెం కొంచెంగా లాగండి. నేపథ్యం ముదురు బూడిద రంగులో ఆగాలి, కటిక నలుపు చేస్తే పాలపుంత చివరి పొరలు పోతాయి. నాయిస్ తగ్గించడం, రంగు పెంచడం ఆఖరి పనులు. 16 బిట్ టిఫ్‌గా దాచి, మర్నాడు తాజా కళ్లతో మళ్లీ చూడండి. ముందురోజు బాగుందనిపించిన రంగు మర్నాడు అతిగా కనిపించడం మామూలే.

18. చంద్రుడికి, సూర్యుడికి పద్ధతులు వేరు. చంద్రుణ్ని పౌర్ణమినాడు కాక అష్టమి అటూ ఇటూ తీయండి, నీడలు పడి గుంతలు లోతుగా కనిపిస్తాయి. నిండు చంద్రుడికైతే ఎఫ్ 11, ఐఎస్ఓ 100, 1/100 సెకను నుంచి మొదలుపెట్టండి. అర్ధచంద్రుడి వెలుగు బాగా తక్కువ, షట్టర్‌ను నిదానం చేయండి. టెలిస్కోపు ఉంటే రెండు నిమిషాల వీడియో తీసి, ఆటోస్టాకర్ట్‌తో గాలి నిశ్చలంగా ఉన్న క్షణాల ఫ్రేములను మాత్రమే ఏరి కలపండి, రెజిస్టాక్స్‌తో పదును పెట్టండి. సూర్యుడికి టెలిస్కోపు, కెమెరా రెంటికీ ముందు భాగాన ధ్రువీకరించిన సోలార్ ఫిల్టర్ బిగించాలి. ఎక్స్‌రే ఫిల్ము, పొగ పట్టిన అద్దం, నల్ల కళ్లద్దాలు కళ్లను కాపాడవు. ఫిల్టర్ లేకపోతే ఆ ఫొటో మానుకోండి.

19. ఫొటో కింద ఉన్నదున్నట్టు రాయండి. తేదీ, ఊరు, లెన్సు, ఎక్స్‌పోజర్, ఎన్ని ఫొటోలు కలిపారో రాస్తే మరొకరు నేర్చుకుంటారు. నేలను ఒకచోట, ఆకాశాన్ని మరోచోట తీసి అతికిస్తే ఆ మాటా చెప్పండి. ధనుర్మాసంలో శ్రీశైలం గోపురం మీద పాలపుంత నడిబొడ్డు వెలుగుతున్నట్టు అతికించిన ఫొటో ఎంత అందంగా ఉన్నా అబద్ధమే. ఈ విద్యకున్న విలువంతా అక్కడ నిజంగా ఉన్నదాన్ని చూపించడంలోనే ఉంది.

20. లెన్సును తేమ నుంచి, ఫైళ్లను మరుపు నుంచి కాపాడండి. వానాకాలంలో లెన్సులో బూజు పడుతుంది. గాలి చొరబడని మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, రెండు వారాలకొకసారి తీసి వాడండి. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, పిండి దుమ్ము లోపలికి పోతుంది. కర్పూరం, కలరా ఉండలు దగ్గర పెట్టొద్దు. రా ఫైళ్లను రెండు డిస్కుల్లో దాచండి. సాఫ్ట్‌వేర్ ఏటా మెరుగవుతోంది, ఈ ఏడాది తీసిన ఫైళ్ల నుంచే వచ్చే ఏడాది ఇంకా మంచి ఫొటో వస్తుంది.

ఈ చీకటి గురించి ఒక మాట ఇక్కడ తప్పక చెప్పాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో 48 అంగుళాల టెలిస్కోపును హైదరాబాద్‌లో కాక జపాల్–రంగాపూర్‌లో పెట్టింది, నగరం వెలుగు అక్కడికి అందదన్న నమ్మకంతో. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. తర్వాత నగరం పెరిగింది, దాని వెలుగు అక్కడికీ పాకింది. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం 2024 జనవరిలో దేశంలో మొట్టమొదటి డార్క్ స్కై పార్క్‌గా గుర్తింపు పొందింది. అక్కడ వీధి దీపాలను నేల వైపు తిప్పారు. పులి ఉన్న అడవికి చీకటి కూడా కావాలని ఒప్పుకున్నారు.

అమ్రాబాద్‌లోనూ అంతే చేయగలం. వాకిలి దీపానికి పైన రేకు మూత పెట్టి వెలుగు నేల మీదే పడేలా చూడండి. తెల్లటి ఫ్లడ్‌లైటు బదులు పసుపు బల్బు వాడండి. పడుకునే ముందు అవసరం లేనివి ఆర్పేయండి. వీధి దీపాలు మార్చే వేళకు పంచాయతీలో ఈ మాట ఎత్తండి. కెమెరా ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, పోయిన చీకటిని మాత్రం ఏ దుకాణమూ అమ్మదు.